పదిహేనున్నరా, పదిహేడున్నరా: గురువులు మింగేసిన ఒక గుమాస్తా కేసు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా పనిచేసే 26 ఏళ్ల అబ్బాయిని ఫిబ్రవరిలో, సీజన్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు, వాళ్ల మేనమామ నా దగ్గరికి తీసుకొచ్చాడు. నేను అరండల్‌పేటలో స్పీచ్ థెరపిస్ట్‌ని. అబ్బాయి ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. మనిషి ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చాను కానీ మాటకి సంబంధించినవి ఒక్కటీ మార్చలేదు.

జరిగింది ఇది. రోజూ పొద్దున్నే రైతులకి ఫోన్ చేసి రేటు చెప్పడం ఇతని పనుల్లో ఒకటి. ఒకరోజు "తేజ పదిహేనున్నర పలుకుతోంది బాబాయ్" అన్నాడు, అంటే తేజ రకం మిర్చి క్వింటా 15,500. పల్నాడు వైపు నుంచి వింటున్న రైతుకి అది పదిహేడున్నర అని వినిపించింది. ఇంకో పది రోజులు ఆగుదామనుకున్న మనిషి ఆ రేటు మీద ఆశపడి, ఉన్న 60 టిక్కీలూ (మిర్చి బస్తాలు) రాత్రికి రాత్రే బండెక్కించి తెచ్చేశాడు. 60 టిక్కీలంటే సుమారు 25 క్వింటాళ్లు, క్వింటాకి రెండు వేలు తేడా, అంటే 50,000 రూపాయలు. కొట్టు దగ్గర పెద్ద గొడవ. "పదిహేడున్నర అన్నావయ్యా నువ్వు" అని ఆయన, "కాదు బాబాయ్, పదిహేనున్నరే అన్నా" అని ఇతను. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, అదే ఈ కేసులో నన్ను పట్టేసిన విషయం.

మొదటి రోజు మాట్లాడిందంతా మేనమామే. "చిన్నప్పట్నుంచీ ఇంతేనండీ, మాటలు మింగేస్తాడు, వాళ్లమ్మకి తప్ప ఎవరికీ అర్థం కాదు." కుర్రాడు మాత్రం "నేను బాగానే చెప్తున్నా మేడం, వాళ్లే సరిగ్గా వినరు" అన్నాడు. అది మొండితనం అనుకుంటే పొరపాటు. తన మాట ఎదుటివాళ్లకి ఎలా చేరుతోందో తనకి తెలియకపోవడం ఈ సమస్యలో చాలా మామూలు.

ముందు వినికిడి పరీక్ష చేశాం, రెండు చెవులూ బాగున్నాయి. నాలుక, పెదవులు, అంగిలి చూశాను, ఏ లోపమూ లేదు. ప-త-క, ప-త-క అని గబగబా అనమంటే అందరికంటే చురుగ్గానే అన్నాడు. నత్తి కాదు. నత్తి ఉన్నవాళ్లు ఏం చెప్పాలో తెలిసి కూడా మొదటి అక్షరం దగ్గర ఇరుక్కుంటారు, ఆ ఇరుక్కోవడం గురించి భయపడతారు, కొన్ని మాటలు తప్పించుకు తిరుగుతారు. ఇతనికి ఇరుక్కోవడం లేదు, భయం అసలే లేదు, మాట వరదలా వచ్చేస్తుంది, కాకపోతే మధ్యలో అక్షరాలు కొట్టుకుపోతాయి. దీన్ని క్లటరింగ్ అంటారు. సెయింట్ లూయిస్, షుల్టే అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ఇచ్చిన నిర్వచనమే ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నారు: మాట మరీ వేగంగానో, వేగం ఒక తీరు లేకుండానో వినిపించాలి, దాంతోపాటు అక్షరాలు కలిసిపోవడమో ఎగిరిపోవడమో, ఆగకూడని చోట ఆగడమో, మాట లయ తప్పడమో, "అంటే అంటే" లాంటి తడబాట్లు మరీ ఎక్కువ కావడమో వీటిలో ఒక్కటైనా ఉండాలి. ఇతనికి మొదటి మూడూ ఉన్నాయి.

తర్వాత నేను చేసిన పరీక్ష మామూలు ఫారాల్లో ఉండేది కాదు, ఇతని పని కోసం తయారు చేసుకున్నది. 40 చీటీల మీద 40 రేట్లు రాసి ఇచ్చాను. ఇతను ఈ గదిలోంచి ఫోన్లో చెప్తాడు, పక్క గదిలో మా అసిస్టెంట్ అమ్మాయి విన్నది విన్నట్టు రాస్తుంది. 40లో 14 తప్పు పడ్డాయి. ఆ 14లో 9 తప్పులు పదిహేను, పదహారు, పదిహేడు దగ్గరే.

ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి. పదిహేనున్నర అనే మాటని ఛందస్సు లెక్కలో రాస్తే ల-ల-గ-గ-ల-ల. ల అంటే లఘువు, ఒక మాత్ర కాలం పట్టే పొట్టి అక్షరం; గ అంటే గురువు, రెండు మాత్రలు పట్టే అక్షరం. ప, ది లఘువులు. హే దీర్ఘం కాబట్టి గురువు. ను పొట్టిదే, అయినా దాని వెనక న్న ఉంది కాబట్టి అదీ గురువు. న్న, ర లఘువులు. పదిహేడున్నర కూడా అచ్చం ఇదే, ల-ల-గ-గ-ల-ల. రెండు మాటలకీ తేడా అంతా నాలుగో అక్షరంలో ఉంది, ఒకచోట ను, ఇంకోచోట డు. ఇప్పుడు మన గుమాస్తా నోట్లో ఏం జరుగుతోందంటే, ముందు ది లోని ఇకారం ఎగిరిపోతుంది. హ ఊపిరిలో కలిసిపోతుంది, ఏ పొట్టిదైపోతుంది. ఆ తర్వాత ను లోని ఉకారం పోతుంది, ఒత్తి పలకాల్సిన న్న వచ్చి దాని మీద పడిపోతుంది. మిగిలేది "పదెన్నర". పదిహేడున్నరలో ఉకారం పోతే డ్ వెళ్లి న్న మీద పడి "పదెణ్ణర" అవుతుంది. ఇక తేడా అంతా న్న, ణ్ణ మధ్యే. లారీలు తిరిగే యార్డులోంచి, ఫోన్లో, అవతల పొలం గట్టు మీద గాలిలో నిలబడి వినే మనిషికి ఆ తేడా అందుతుందా? ఆయన చెవి తనకి కావాల్సిన అంకెనే తీసుకుంది, ఎవరి చెవైనా అంతే చేస్తుంది.

ఇంతా చూశాక కూడా నేను మొదటి నెల తప్పు దారిలో పోయాను. ఎక్కడ తప్పానో చెప్పకపోతే ఈ కేసు రాయడంలో అర్థం లేదు.

"నెమ్మదిగా మాట్లాడు" అని చెప్పడం పనిచేయదని నాకు ముందే తెలుసు, ఇంట్లోవాళ్లు ఇరవై ఏళ్లుగా అదే చెప్తున్నారు, రెండు వాక్యాలు నెమ్మదిగా వస్తాయి, మూడో వాక్యం మళ్లీ వరదే. అందుకని మెట్రోనోమ్ (ఒకే వేగంతో టిక్కు టిక్కుమని కొట్టే పరికరం) పెట్టాను. ఒక్కో టిక్కుకి ఒక్కో అక్షరం. నత్తి ఉన్నవాళ్లకి ఈ పద్ధతి చాలాకాలంగా వాడుతున్నదే. పైగా నా చదువులో ఒక మాట బాగా నాటుకుపోయింది: భాషలు రెండు రకాలు, ఊనిక (మాటలో నొక్కి పలికే చోటు) లెక్కన నడిచేవి, అక్షరం లెక్కన నడిచేవి. భాషాశాస్త్రవేత్త కెనెత్ పైక్ 1945లో ఈ విభజన చేస్తే, 1967లో అబర్‌క్రాంబీ ఇంగ్లిష్, రష్యన్, అరబిక్‌లని మొదటి రకంలోనూ ఫ్రెంచ్, యోరుబా, మన తెలుగుని రెండో రకంలోనూ పెట్టాడు. తెలుగులో అక్షరాలన్నీ సమానంగా నడుస్తాయి కాబట్టి సమానంగా కొట్టే టిక్కు సరిపోతుందని అనుకున్నాను. పీటర్ రోచ్ 1982లో సరిగ్గా ఆ ఆరు భాషల్నే తీసుకుని కొలిచి చూస్తే ఆ విభజన కొలతల్లో నిలబడలేదని కూడా చదివాను. చదివాను కానీ పనిలో పెట్టుకోలేదు.

మెట్రోనోమ్‌తో ఏమైందంటే "పా... దీ... హే... నూ..." అయ్యింది. అన్ని అక్షరాలకీ ఒకే నిడివి ఇస్తే లఘువులు సాగి గురువులైపోయాయి. తెలుగులో అలా సాగితే మాట స్పష్టం కాదు, వేరే మాట అవుతుంది. మెడ మేడ అవుతుంది, పడు పాడు అవుతుంది. ఫోన్లో రెండు రోజులు అలా చెప్పి చూశాడట, ఒక రైతు "ఏమైంది బాబూ, ఒంట్లో బాలేదా" అని అడిగాడట. సిగ్గుపడిపోయి రెండు వారాలు సెషన్‌కి రాలేదు. అతనిది కాదు ఆ తప్పు, నాది.

ఆ రెండు వారాల్లో మొదటి రోజు రికార్డింగ్ మళ్లీ విన్నాను. మొదటి రోజు ఎవరిచేతైనా బాగా కంఠస్థం అయినవి కొన్ని చెప్పిస్తాను, వారాల పేర్లు, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు, వచ్చిన పద్యం ఒకటి. వారాలు మింగేశాడు. అంకెలు మింగేశాడు. వేమన పద్యం మాత్రం, చిన్నపిల్లలు బడిలో అప్పజెప్పినట్టు గబగబా చదివాడు కానీ, ఒక్క అక్షరం పోలేదు. మొదటి రోజు ఇది నా చెవికి తగిలింది, "కంఠస్థం కదా" అని వదిలేశాను. వారాల పేర్లూ కంఠస్థమే కదా మరి?

ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి కొలిచాను. "విశ్వదాభిరామ వినురవేమ" అనే పాదంలో 11 అక్షరాలు, 1.8 సెకన్లలో అయిపోయాయి, అంటే సెకనుకి ఆరు పైచిలుకు. మామూలు మాటలో ఇతని వేగం సెకనుకి ఏడు. పెద్ద తేడా లేదు! తేడా ఎక్కడుందంటే, పద్యంలో దా అనే గురువు 230 మిల్లీసెకన్లు, దాని పక్కన భి 120. దాదాపు రెట్టింపు. మాటలో పదిహేను అన్నప్పుడు ప 120, హే 140. గురువుకీ లఘువుకీ తేడా చెరిగిపోయింది. అంటే ఇన్నేళ్లుగా ఇంట్లోవాళ్లు, బళ్లో మాస్టార్లు, ఈమధ్య నేను, అందరం వేగాన్ని పట్టుకుని కూర్చున్నాం. వేగం కాదు జబ్బు. గురువులు తమ రెండో మాత్ర పోగొట్టుకున్నాయి, అదీ జబ్బు.

ఆ పాదం ఎందుకు చెదరలేదో కూడా చెప్తాను. ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం ఐదేసి సూర్యగణాలు. సూర్యగణాలు రెండే, నగణం అంటే మూడు లఘువులు, హగణం అంటే గురువు తర్వాత లఘువు. ఏది వేసినా మూడు మాత్రలే. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ: ఐదు మూళ్లు పదిహేను మాత్రలు. ఇక్కడ సమానంగా నడిచేది అక్షరం కాదు, మాత్ర. రామ అనే రెండక్షరాలకీ వినుర అనే మూడక్షరాలకీ పట్టే కాలం ఒకటే. రా ని పొట్టి చేస్తే పద్యం కుంటుతుంది, చదివేవాడి చెవికే తెలిసిపోతుంది, అందుకని నోరు దానంతట అదే సర్దుకుంటుంది. వారాల పేర్లకి ఆ కాపలా లేదు.

మళ్లీ ఫోన్ చేసి పిలిపించాను. మెట్రోనోమ్ బీరువాలో పెట్టేశాను. "పదో తరగతిలో గురువు లఘువు చేశావా?" అని అడిగితే "యమాతారాజభానసలగం మేడం" అన్నాడు ఠక్కున, అదీ ఒక్క అక్షరం పోకుండా.

పద్ధతి ఇది. బొటనవేలికి చూపుడువేలు తగిలించాలి. లఘువైతే తగిలించి తీసేయాలి. గురువైతే తగిలించి నొక్కి ఉంచాలి, అక్షరం అయ్యాకే తీయాలి. రేట్ల చీటీల మీద గురువులు ఉన్నచోట ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకున్నాడు. "లఘువుల గురించి ఆలోచించకు, ఎంత గబగబా పోతాయో పోనీ, గురువు దగ్గర మాత్రం వేలు తీయకు" అన్నాను. నెమ్మదిగా అనే మాట నేను మళ్లీ ఒక్కసారి కూడా వాడలేదు.

రెండో వారంలో ఒక ఇబ్బంది వచ్చింది. దీర్ఘాలు నిలబడుతున్నాయి కానీ ముప్పై, డెబ్బై, పన్నెండు లాంటివి నిలబడటం లేదు. "ము పొట్టిదే కదా మేడం, దాన్ని సాగదీస్తే మూప్పై అవుతుంది" అన్నాడు. సరైన ప్రశ్న. ద్విత్వాక్షరానికి ముందున్నది గురువు అని బళ్లో నేర్పుతారు, ఎందుకు గురువో మాత్రం సాధారణంగా చెప్పరు. రాసేటప్పుడు ము-ప్పై అని రాస్తాం, పలికేటప్పుడు ముప్-పై. ఒత్తులో సగం వెనక్కి వెళ్లి ము కి అతుక్కుంటుంది. అద్దం ముందు కూర్చోబెట్టి చూపించాను: ముప్పై అనేటప్పుడు పెదవులు మూసుకుంటాయి, మూసుకుని ఒక క్షణం అలాగే ఉంటాయి, ఆ క్షణంలో బయటికి శబ్దమే రాదు, తర్వాత పై అని విచ్చుకుంటాయి. ఆ నిశ్శబ్దమే రెండో మాత్ర. సాగదీయాల్సింది ఉకారాన్ని కాదు, మూసిన పెదవుల్ని. అతను అద్దంలో ముప్పై, డెబ్బై అని ఓ ఇరవైసార్లు అనుకున్నాడు. డెబ్బైలో పెదవులు మూసి ఉన్నా గొంతు మోగుతూనే ఉంటుందని తనే కనిపెట్టి, గొంతు మీద వేలు పెట్టుకుని నాకు చూపించాడు. ఆ రోజు నుంచి ఇతను పేషెంటులా రాలేదు, నేర్చుకునేవాడిలా వచ్చాడు.

అంకెలన్నిటికీ గురులఘువులు వేస్తుంటే నాకూ ఒకటి కనపడింది, ఇన్నేళ్లు తెలుగు మాట్లాడుతూ గమనించనిది. ఇరవై, నలభై, అరవై, ఎనభై నాలుగూ ల-ల-గ, సగణం. ముప్పై, యాభై, డెబ్బై, తొంభై నాలుగూ గ-గ. సరి పదులు ఒక నడక, బేసి పదులు ఇంకో నడక, రెండు నడకల్లోనూ నాలుగే మాత్రలు. అందుకే గురువులు సరిగ్గా పలికితే నలభైకీ యాభైకీ, ఎనభైకీ తొంభైకీ మధ్య పొరపాటు పడటం చాలా కష్టం, అక్షరాలు సరిగ్గా వినపడకపోయినా నడక చెప్పేస్తుంది. ఇతనికి ఇది చెప్తే వేళ్ల మీద వేసి చూసుకుని "ఎవరు పెట్టారు మేడం ఇలా?" అన్నాడు. ఎవరూ పెట్టలేదు, ఇన్ని తరాల నోళ్లలో నలిగి అలా కుదురుకుంది.

పదకొండు, పదమూడు, పదిహేను, పదహారు, పదిహేడు మాత్రం అలా సాయం చేయవు. ఐదూ ల-ల-గ-ల, ఛందస్సులో సల అనే ఇంద్రగణం. నడక ఒక్కటే అయినప్పుడు గుర్తుపట్టే పని అంతా గురువు మీద, దాని వెనక వచ్చే చివరి చిన్న లఘువు మీద పడుతుంది. ను, రు, డు. గబగబా మాట్లాడేటప్పుడు ముందు ఎగిరిపోయేది ఆ చివరి లఘువే. దానికి వేరే అభ్యాసం పెట్టాల్సి వచ్చింది: పదిహేను తర్వాత వేలు పూర్తిగా తీసి, మళ్లీ తగిలించాకే "వేలు" అనాలి. పదిహేనున్నర, పదిహేడున్నర అనే మాటలు ఫోన్లో వద్దు, "పదిహేను వేల ఐదు వందలు" అని చెప్పు అన్నాను. యార్డులో అలా ఎవరూ అనరు మేడం అన్నాడు. అదీ నిజమే, ఆ భాషలో బతికేవాడిని పుస్తకంలా మాట్లాడమనలేం. చివరికి రెండు రకాలుగా, ఒకదాని తర్వాత ఒకటి చెప్పడానికి ఒప్పుకున్నాడు: "పదిహేనున్నర బాబాయ్, పదిహేను వేల ఐదు వందలు."

ఆగే చోట్లు కూడా సరిచేశాం. ఇతను "తేజ పది" అని ఆగి, "హేను వేలు నలభై" అని ఆగి, "టిక్కీలు" అనేవాడు. ఊపిరి అయిపోయిన చోట ఆగడం తప్ప అర్థం తెగే చోట ఆగడం లేదు. రకం చెప్పి ఆగు, రేటు చెప్పి ఆగు, బస్తాల లెక్క చెప్పి ఆగు. పద్యంలో పాదం చివర ఆగినట్టు. ఇది రెండు సెషన్లలో వచ్చేసింది.

ఐదో వారంలో ఇంకో చిక్కు. రేట్లు స్పష్టంగా ఉన్నాయి కానీ రాగం వచ్చేసింది, పద్యం చదివినట్టు చెప్తున్నాడు. పద్యానికీ మాటకీ ఇక్కడే తేడా: పద్యం మాత్రల లెక్కని కచ్చితంగా కాపాడుతుంది, మాట కాపాడదు, గురువు లఘువు కంటే పొడుగని వినేవాడికి తెలిస్తే మాటకి చాలు. కాబట్టి రాగం తీసేయాలి, నిడివి ఉంచాలి. ముందు గుసగుసగా చెప్పించాను, గుసగుసలో గొంతు మోగదు కాబట్టి రాగం పట్టదు, నిడివి మాత్రం నిలుస్తుంది. తర్వాత నాతో గొడవ పడుతున్నట్టు చెప్పించాను. తర్వాత లెక్కల పుస్తకం తిరగేస్తూ, చివరికి యార్డు నుంచే నాకు ఫోన్ చేసి. వేళ్ల ఆసరా కూడా మెల్లగా తగ్గించాం, పూర్తిగా మానలేదు, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని నొక్కుకుంటాడు.

పది వారాలయ్యాక అదే పరీక్ష, కొత్త 40 చీటీలు. మూడు తప్పులు. మాట వేగం సెకనుకి ఏడు నుంచి ఆరు దాకా వచ్చింది, అంటే ఇప్పటికీ వేగంగానే మాట్లాడతాడు, మాట్లాడనీయండి. హే 140 నుంచి 220కి వెళ్లింది, ప అలాగే 120 దగ్గరే ఉంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే, గురువు పెరగాలి, లఘువు కదలకూడదు. మే నెలలో యార్డుకి వేసవి సెలవులు ఇచ్చినప్పుడు కొంచెం జారాడు, రోజూ ఫోన్లు లేవు కాబట్టి. జులైలో మళ్లీ చూస్తే నాలుగు తప్పులు. కోపం వచ్చినప్పుడు, ఒకేసారి ఇద్దరు ముగ్గురు అడిగి టెన్షన్ పెట్టినప్పుడు పాత వరద ఇప్పటికీ వస్తుంది. ఇప్పుడు వచ్చినప్పుడు తనకే తెలుస్తోంది, తనే ఆగి మళ్లీ చెప్తున్నాడు. "వాళ్లే సరిగ్గా వినరు" అన్న మనిషిలో వచ్చిన ఈ మార్పు చీటీల లెక్కలో కనపడదు, నాకు మాత్రం అన్నిటికంటే అదే ఎక్కువ.

ఇది పద్యం విన్న, చదివిన, బళ్లో గణవిభజన చేసిన ఒక కుర్రాడి కేసు. ఇంగ్లిష్ మీడియంలో చదివి గురువు లఘువు ఎప్పుడూ వినని పిల్లలకి ఇలాగే పెట్టలేను, వాళ్లకి వేళ్లు, అద్దం, గొంతు మీద చెయ్యి, వీటితో మొదలుపెట్టి పేర్లు తర్వాత చెప్పాలి. అలాంటి పదకొండేళ్ల పాపతో ఈమధ్యే మొదలుపెట్టాను.

గుమాస్తాతో మిగిలింది ఒక్కటే. జులైలో పడిన నాలుగు తప్పుల్లో మూడు ఇరవై, అరవై దగ్గరే. రెండూ సగణమే, నడక సాయం చేయదు, ఉన్న ఒక్క తేడా మొదటి లఘువులో ఉంది, ఆ మొదటి లఘువునే ఇతను మింగేస్తున్నాడు, రెండూ "రవై" అవుతున్నాయి. గురువుని పట్టుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు. నోరు చిన్నగా సాగే ఇ, బాగా తెరుచుకునే అ, ఈ రెండిటినీ అద్దంలో పెట్టి వచ్చే శనివారం మొదలుపెడుతున్నాం.